ఒకటో తరగతికి ఉద్యోగ శిక్షణా?

2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 16,347 టీచరు పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటిస్తే మూడు లక్షల ముప్ఫై వేల మందికి పైగా దరఖాస్తు చేశారు. ఒక్కొక్కరు రెండు మూడు పోస్టులకు పెట్టుకోవడంతో దరఖాస్తులు ఐదున్నర లక్షలు దాటాయి. మనుషుల లెక్కన చూసినా పోస్టుకు ఇరవై మంది. పిల్లలకు ఎక్కాలు చెప్పే ఉద్యోగం కోసం అవనిగడ్డ లాంటి కోచింగు ఊళ్లలో అద్దె గదులు తీసుకుని ఏళ్ల తరబడి చదివేవాళ్లు వీళ్లలో చాలామంది. యువత నిరుద్యోగమూ ప్రాథమిక పాఠశాలా ఒకదానికొకటి ఎదురుపడే చోటు మన దగ్గర ఏదైనా ఉందంటే అది డీఎస్సీ హాల్‌టికెట్టే.

ఈ రెంటినీ ముడిపెట్టి ఒక సలహా చాలాకాలంగా తిరుగుతోంది. డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం రావడం లేదు. అంటే బడిలో చెప్పేది పనికి రావడం లేదు. కాబట్టి పనికొచ్చేదేదో మొదటి నుంచే చెప్పాలి. వినడానికి నిక్షేపంగా ఉంది. ఆ పనికొచ్చేది ఏమిటన్న దగ్గర మాత్రం ఎవరి జాబితా వారిది. కోడింగ్ అని ఒకరు, స్పోకెన్ ఇంగ్లిష్ అని ఒకరు, వ్యాపార దక్షత అని ఒకరు, డబ్బు పొదుపు అని మరొకరు. ఇప్పుడు ఏఐ కూడా చేరింది. 2020లో ఓ చిన్న పిల్లాడు యాప్ తయారుచేశాడని పెట్టుబడిదారులు వాళ్ల ఇంటి ముందు కొట్టుకుంటున్నట్టు ఒక ప్రకటన వచ్చింది. ప్రకటనల ప్రమాణాలు చూసే మండలి అభ్యంతరం చెప్పాక దాన్ని తీసేశారు. ప్రకటన పోయింది గాని, ఆ ఆశ చాలా ఇళ్లలో ఇంకా ట్యూషన్ ఫీజు కడుతూనే ఉంది.

ఈ సలహాలో మొదటి చిక్కు క్యాలెండరుది. ఇవాళ ఒకటో తరగతిలో చేరిన పాప 2040 దాటితే గానీ ఉద్యోగం వెతుక్కోదు. అంత దూరానికి గురిపెట్టడంలో మన పెద్దల పనితనం ఎలాంటిదో తెలుసుకోవాలంటే కాల్ సెంటర్ల రోజులు గుర్తుచేసుకుంటే చాలు. అమెరికా యాస పలికితే జీవితం స్థిరపడినట్టే అని యాస నేర్పే సంస్థలు నగరాల్లో వీధికొకటి వెలిశాయి. ఆ యాస ఇప్పుడు యంత్రాలే పలుకుతున్నాయి, పైగా అవి జీతం అడగడం లేదు.

రెండో చిక్కు నిరుద్యోగం లెక్కల్లోనే ఉంది. దీన్ని కాస్త నెమ్మదిగా చూడాలి.

కేంద్ర గణాంక శాఖ చేసే శ్రామిక బల సర్వే ప్రకారం 2023-24లో దేశంలో నిరుద్యోగ రేటు 3.2 శాతం. 15 నుంచి 29 ఏళ్ల వాళ్లలో అయితే 10.2 శాతం. పక్కింటి ముగ్గురు పిల్లలూ ఖాళీగా కనిపిస్తుంటే ఈ పది శాతం ఎక్కడిదని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఈ లెక్కలో నిరుద్యోగి అంటే పని లేనివాడు మాత్రమే కాదు, పని లేక దానికోసం చూస్తున్నవాడు. నాన్న కిరాణా కొట్లో జీతం లేకుండా కూర్చునే కుర్రాడు పనిలో ఉన్నట్టే. కాలేజీలో పేరుంచుకుని పోటీ పరీక్షలకు తయారవుతున్నవాడు విద్యార్థి. ఇక వెతకడం మానేసి ఇంట్లో ఉండిపోయిన అమ్మాయి శ్రామిక బలంలోకే రాదు. వీళ్లందరినీ పక్కన పెట్టాక మిగిలిందే ఆ పది శాతం.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో ఒక నివేదిక ఇచ్చాయి. అందులో ఒక జత అంకెలు పత్రికల్లో బాగా తిరిగాయి. 2022లో డిగ్రీ చదివిన యువతలో నిరుద్యోగ రేటు 29.1 శాతం, చదవడం రాయడం రాని యువతలో 3.4 శాతం. చదవేస్తే ఉన్న మతి పోయిందనే సామెతకు ఇన్నాళ్లకు గణాంకాల సాక్ష్యం దొరికిందని కొందరు సంబరపడ్డారు.

అంత తొందర పడనక్కర్లేదు. చదువు రానివాడు పనిలో ఉన్నాడంటే అతనికి మంచి పని దొరికిందని కాదు. ఖాళీగా కూర్చునే తాహతు అతనికి లేదు. పొద్దున అడ్డా మీద నిలబడకపోతే రాత్రికి పొయ్యి వెలగదు, కాబట్టి దొరికిన పనికి, దొరికిన కూలికి పోతాడు. డిగ్రీ చదివినవాడి వెనక ఒక రిటైర్డ్ తండ్రో, రెండెకరాల పొలమో, దుబాయ్‌లో అన్నో ఉంటారు. అతను వేచి ఉండగలడు. దేనికి వేచి ఉంటాడో తెలిసిందే. 2022లో తెలంగాణ గ్రూప్-1కి 503 పోస్టులు ప్రకటిస్తే 3.8 లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రం లీకైందని 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ జరిగింది. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో నోటిఫికేషనే రద్దయి, 563 పోస్టులతో కొత్తది వచ్చింది. ఇంతకాలం హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగు గదిలో పుస్తకం ముందు కూర్చున్న కుర్రాడి కష్టానికి మందు మూడో తరగతి వాచకంలో దొరకదు.

అసలు ఉద్యోగాల సంఖ్య బడిలో తేలేది కాదు. ఇందాకటి శ్రామిక బల సర్వే ప్రకారం దేశంలో పనిచేసేవాళ్లలో 46 శాతం ఇంకా వ్యవసాయం మీదే ఉన్నారు, తయారీ రంగంలో పదకొండు శాతం పైచిలుకే. ఫ్యాక్టరీలు ఎందుకు రాలేదు, వచ్చినవి మనుషుల్ని ఎందుకు తక్కువగా పెట్టుకుంటున్నాయి, ప్రభుత్వ ఖాళీలు ఏళ్ల తరబడి ఎందుకు ఖాళీగానే ఉంటున్నాయి అనేవి ఆర్థిక మంత్రులూ పారిశ్రామికవేత్తలూ జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు. ఆ జవాబు దొరకనప్పుడల్లా ప్రాథమిక బడిలోని ఎస్జీటీ టీచరు వైపు చూడటం మనకు అలవాటైంది. ఆయన ఎదురు మాట్లాడడు, పైగా ఎన్నికల డ్యూటీలో ఉంటాడు.

మరి ప్రాథమిక పాఠశాలకు ఈ వ్యవహారంలో పాత్రే లేదా? ఉంది. ఆ పాత్ర మనం అనుకుంటున్న చోట లేదు.

పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే బృందం 2023లో పల్లెల్లో 14-18 ఏళ్ల పిల్లల దగ్గరికి వెళ్లింది. వాళ్లలో 86 శాతానికి పైగా బడిలోనో కాలేజీలోనో పేరున్నవాళ్లే. నాలుగో వంతు మంది సొంత భాషలో రెండో తరగతి పాఠాన్ని తడబడకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 43 శాతం. ఇలాంటి అంకెలు ఏటా వింటూనే ఉన్నాం కాబట్టి చెవికి పెద్దగా తగలవు. ఆ సర్వేలోనే ఉన్న ఇంకో చిన్న ప్రశ్న మాత్రం నాకు వీటన్నిటికంటే ఎక్కువ చెప్పినట్టనిపించింది.

స్కేలు పక్కన ఒక వస్తువు పెట్టి పొడవు ఎంతని అడిగారు. వస్తువు అంచు సున్నా గీత దగ్గర ఉన్నప్పుడు 85 శాతం మంది సరిగ్గా చెప్పారు. అదే వస్తువును కాస్త పక్కకు జరిపి, సున్నా కాకుండా మరో గీత దగ్గర మొదలయ్యేలా పెడితే సరిగ్గా చెప్పినవాళ్లు 39 శాతానికి పడిపోయారు.

ఇక్కడ జరిగిందేమిటో ఆలోచించాలి. 85 శాతం మందికి స్కేలు తెలుసు, సెంటీమీటరు తెలుసు, అంకెలు తెలుసు. తెలియనిదల్లా కొలవడమంటే రెండు గీతల మధ్య దూరం చూడటమని, అందులో ఒక తీసివేత దాగి ఉందని. బడిలో వాళ్లకు వచ్చింది ‘చివర ఏ అంకె దగ్గర ఆగిందో అది రాయి’ అన్న పద్ధతి. వస్తువు సున్నా దగ్గర ఉన్నంతసేపు ఆ పద్ధతి మార్కులు తెచ్చిపెడుతుంది. పని జరిగే చోట వస్తువులు సున్నా దగ్గర కూర్చోవు. టేపు కొన అరిగిపోయిన వడ్రంగి పది సెంటీమీటర్ల గీత నుంచి కొలిచి, వచ్చిన దాంట్లోంచి పది తీసేస్తాడు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడులో చేరిన కుర్రాడి చేతికి వెర్నియర్ కాలిపర్స్ ఇస్తారు. అది చదవాలంటే ప్రధాన స్కేలు మీద ఒక అంకె, జారే స్కేలు మీద మరో అంకె చూసి లెక్క కట్టాలి. సున్నా దగ్గర మొదలుకాని పొడవు అర్థం కాని పిల్లాడికి అక్కడ రెండేళ్ల శిక్షణ ఇస్తున్నామంటే, మూడో తరగతిలో జరగని పనిని పద్దెనిమిదో ఏట, దుమ్ము పట్టిన వర్క్‌షాపులో, ఫీజు తీసుకుని చేయబోతున్నామన్నమాట. చాలాసార్లు అప్పుడు కూడా చేయం, సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తాం.

యువతకు నైపుణ్యాలు లేవని పరిశ్రమల వాళ్లు సభల్లో వాపోతుంటారు. కంపెనీ తన యంత్రం మీద పని తానే నేర్పుకోగలదు, మునుపటి నుంచీ నేర్పుకుంటూనే ఉంది. చూపించింది అర్థం చేసుకుని, కాగితం మీద రాసింది చదువుకుని, కొలత తప్పితే తప్పిందని తానే పసిగట్టే మనిషిని మాత్రం అది తయారుచేసుకోలేదు. ఆ మనిషి తయారయ్యేది ఆరేళ్లకూ పదకొండేళ్లకూ మధ్యనే.

ఎక్కడ తెగుతోందో కూడా తెలుసు. 2024 అసర్ ప్రకారం పల్లె బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 27.1 శాతం. అప్పు తెచ్చుకుని చేసే తీసివేత చేయగలిగింది 33.7 శాతం. 2022తో పోలిస్తే ఇది మెరుగే, అప్పుడు ఇవి 20.5, 25.9. ఐదో తరగతికొచ్చేసరికి కూడా రెండో తరగతి పాఠం చదవగలిగేవాళ్లు సగానికి కాస్త తక్కువే. మిగతా సగం ఆరో తరగతికి వెళ్లి జనరల్ సైన్సు మొదలుపెడతారు.

తెలుగులో ఈ చిక్కుకు ఒక స్థానిక కారణం కూడా ఉంది. బడి గోడ మీద యాభై ఆరు అక్షరాలు రాసి ఉంటాయి. పిల్లాడు చదవాల్సింది యాభై ఆరు కాదు. గుణింతాలూ ఒత్తులూ కలిస్తే కంటికి ఎదురయ్యే రూపాలు వందల్లో ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా కూడబలుక్కుంటూ పోతే వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. అక్షరాలు వచ్చినా చదవడం రానిది అందుకే. ఇది దాటడానికి సాధన కావాలి. రోజూ కొంతసేపు, తన స్థాయికి తగ్గ పుస్తకాలు, వినేవాళ్లు ఒకరు. ఒకటి రెండు తరగతుల్లో ఒత్తులు సాగని పిల్లాడికి మూడో తరగతిలో ఆ సాధనకు గంట కేటాయించరు. ఎందుకంటే మూడో తరగతికి మూడో తరగతి పాఠాలున్నాయి.

ఇది టీచర్ల బద్ధకం అనుకుంటే పొరపాటు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం టీచరు విధుల్లో ఒకటిగా, నిర్ణీత కాలంలో మొత్తం సిలబస్ పూర్తి చేయాలని రాసింది. పిల్లల సామర్థ్యాన్ని బట్టి అదనపు బోధన చేయాలనీ అదే సెక్షన్‌లో ఉంది. తనిఖీకి వచ్చిన అధికారి మాత్రం మొదటిదే అడుగుతాడు, కాగితం మీద చూడగలిగింది అదే కాబట్టి. ఎన్నో పాఠంలో ఉన్నారు అన్నది రిజిస్టరులో కనిపిస్తుంది. ఎంతమంది దాన్ని చదవగలరు అన్నది కనిపించదు.

సిలబస్ ఒత్తిడే అడ్డన్నదానికి బిహార్‌లో దాదాపు ప్రయోగశాల లాంటి రుజువు దొరికింది. ప్రథమ్ సంస్థ పద్ధతి ఏమిటంటే, పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వచ్చిన చదువును బట్టి గుంపులు చేసి రోజుకు గంటా రెండు గంటలు నేర్పడం. అక్షరాల దగ్గరున్నవాళ్లు ఒకచోట, పదాల దగ్గరున్నవాళ్లు ఒకచోట, కథ చదివేవాళ్లు మరోచోట. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్ల సహచరులు దీన్ని ముంబై, వడోదరలతో మొదలుపెట్టి పలు రాష్ట్రాల్లో పరీక్షించారు. ఆ ఇద్దరికీ 2019 నోబెల్ తెచ్చిన కృషిలో ఇదీ ఒక భాగం. బిహార్‌లో 2008 వేసవి సెలవుల్లో ప్రభుత్వ టీచర్లే శిబిరాలు నడిపితే పిల్లల చదువు కదిలింది. బడులు తెరిచాక టీచర్లకు శిక్షణా, పుస్తకాలూ ఇచ్చి రోజువారీ తరగతిలో అదే చేయమంటే ఏమీ కదల్లేదు. రెండుచోట్లా ప్రభుత్వ టీచర్లే. పెద్ద తేడా ఏమిటంటే, సెలవుల్లో సిలబస్ లేదు. మన విద్యాశాఖల్లో శిక్షణ కార్యక్రమాలకు ఏనాడూ కొదవ లేదు కాబట్టి ఈ ఫలితాన్ని ఒకసారి గట్టిగా చదువుకోవడం మంచిది.

ఇంతవరకు విన్నవాళ్లు, ‘అయితే మళ్లీ ఎక్కాలూ గుణింతాలేనా, బతుకుతెరువు సంగతి?’ అనొచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. 2025లో ‘నేచర్’ పత్రికలో బెనర్జీ, డఫ్లో బృందమే అచ్చువేసిన మరో అధ్యయనం దీనికి సూటిగా తగులుతుంది.

కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరగాయలమ్మే పిల్లల దగ్గరికి పరిశోధకులు మామూలు కొనుగోలుదార్లలా వెళ్లారు. కిలో ఇరవై రూపాయల బంగాళాదుంపలు 800 గ్రాములు, కిలో పదిహేను రూపాయల ఉల్లిపాయలు కిలో నాలుగు వందల గ్రాములు ఇమ్మన్నారు. మొత్తం ముప్ఫై ఏడు. రెండు వందల నోటు ఇచ్చారు. పిల్లలు నూట అరవై మూడు రూపాయలు తిరిగిచ్చారు, కాగితం లేదు, ఫోను లేదు. ఇలాంటి లెక్కలు రెండో ప్రయత్నానికల్లా నూటికి తొంభై మందికి పైగా సరిగ్గా తేల్చారు. ఆ పిల్లలకే బడిలో ఇచ్చే తరహాలో మూడంకెల భాగహారం రాసి ఇస్తే కోల్‌కతాలో చేయగలిగినవాళ్లు మూడో వంతు లోపే. ఆ పిల్లల్లో చాలామంది బడికి కూడా వెళ్తున్నవాళ్లని గమనించాలి. ఢిల్లీలో బడికి మాత్రమే వెళ్లే పిల్లల్ని చూస్తే కథ తిరగబడింది. పుస్తకం లెక్కలు వాళ్లకు మెరుగ్గా వచ్చాయి. బజారు లెక్క నోటితో చెప్పమంటే దాదాపు ఎవరూ చెప్పలేకపోయారు.

ఈ ఫలితం రెండు వైపులా కోస్తుంది. బజారే బడి, బతుకే పాఠం అనేవాళ్లకు ఒక దెబ్బ. నోటితో పది లెక్కలు చేసే పిల్లకు తన తెలివి కాగితం మీదికి దిగకపోతే బండి దాటి పై పనికి దారి లేదు. బిల్లు, లెడ్జరు, బ్యాంకు ఫారం, రైల్వే పరీక్ష అన్నీ కాగితం భాషలోనే ఉంటాయి. పుస్తకమే చదువు అనేవాళ్లకు ఇంకో దెబ్బ. నలభై నిమిషాల పీరియడ్లో నేర్చిన భాగహారం బడి గేటు దాటి బయటికి రావడం లేదు. ప్రాథమిక పాఠశాల నేర్పాల్సిందేమిటని నన్నడిగితే ఈ రెంటి మధ్య ఉన్న దారే చూపిస్తాను. సంతలో నోటితో చేసిన లెక్కను గుర్తుల్లో రాయడం, పుస్తకంలో రాసిన లెక్కకు సంతలో ఒక సందర్భం చెప్పడం. ఇది కొత్త సబ్జెక్టు కాదు, దీనికి కొత్త పుస్తకం అక్కర్లేదు, కన్సల్టెంటు అసలే అక్కర్లేదు. బహుశా అందుకే దీన్ని ఎవరూ పథకంగా ప్రకటించరు.

బతుకుతెరువును నేరుగా బడిలోకి తెచ్చిన ప్రయోగాలు మన దేశంలో లేకపోలేదు. 1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యా సమావేశం పెట్టి, చేతిపని ద్వారానే సమస్త విద్యా నేర్పాలన్నారు. జాకీర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్యప్రణాళిక రాసింది. తకిలీ తిప్పుతూ పిల్లలు లెక్కలూ, భూగోళమూ నేర్చుకోవాలి, వాళ్లు చేసిన వస్తువుల అమ్మకంతో టీచరు జీతం రావాలి. ఆలోచనలో లోతుంది. లెక్క చేతి నుంచి పుట్టాలన్నది ఇందాకటి బజారు పిల్లల సంగతికి దగ్గరి బంధువే. స్వాతంత్ర్యం వచ్చాక బేసిక్ స్కూళ్లు పెట్టారు. పెట్టిన నాయకులు తమ పిల్లల్ని మాత్రం వేరే బళ్లకు పంపారు. తల్లిదండ్రులు అమాయకులు కారు, సంగతి గ్రహించారు. తర్వాత 1964-66 కొఠారీ కమిషన్ పని అనుభవం అంది, 1977 తర్వాత సమాజోపయోగ ఉత్పాదక కార్యమని ఇంకా పొడవైన పేరు పెట్టారు. చివరికి అది ప్రోగ్రెస్ కార్డులో ఒక గడిగా స్థిరపడింది.

1953 సంగతి అంత తేలిగ్గా నవ్వి వదిలేసేది కాదు. మద్రాసు ముఖ్యమంత్రిగా రాజాజీ ఒక సంస్కరణ తెచ్చారు. పల్లె బడిలో పిల్లలకు రోజుకు మూడు గంటలే చదువు, మిగతా పూట ఇంటి వృత్తి నేర్చుకోవాలి. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ మద్రాసులోనివే. బడులు చాలవు, టీచర్లు చాలరు, రెండు షిఫ్టులు పెడితే రెట్టింపు పిల్లలు చదువుతారన్న లెక్క దాని వెనక ఉంది. కానీ ఇంటి వృత్తి అంటే కులవృత్తి. కుమ్మరి పిల్లాడు సారె దగ్గరికి, చర్మకారుడి పిల్లాడు తోలు దగ్గరికి, ప్లీడరు పిల్లాడు పుస్తకాల దగ్గరికి. పెరియార్, ద్రవిడ ఉద్యమం దాన్ని కులవిద్యా పథకమని పేరుపెట్టి తిప్పికొట్టాయి. 1954లో రాజాజీ దిగిపోయారు, కామరాజ్ వచ్చి పథకాన్ని ఎత్తేశారు.

పనికొచ్చే చదువు అన్న మాట వినగానే అది ఎవరి పిల్లలకు అని అడగాల్సింది అందుకే. కార్పొరేట్ స్కూల్లో రోబోటిక్స్ ల్యాబ్, ఊరి బడిలో కుట్టు మిషను అయితే 1953 వేరే దుస్తుల్లో వచ్చినట్టే. 2020 జాతీయ విద్యా విధానం వృత్తి పరిచయాన్ని ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పెట్టింది, ఏడాదిలో పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగినీ కుమ్మరినీ తోటమాలినీ కలవమంది. ఆ మేరకు బాగుంది, అందరి పిల్లలూ అందరి దగ్గరికీ వెళ్తే. ఆ పత్రమే, చదవడం, రాయడం, చిన్న లెక్కలు రాకపోతే మిగతా విధానమంతా చాలామంది పిల్లలకు అసందర్భమేనని ఒప్పుకుంది. అన్ని పేజీల పత్రంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే.

ఇంగ్లిష్ సంగతి ఎత్తకుండా తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చ ముగియదు. తల్లిదండ్రుల దృష్టిలో ఉద్యోగమంటే ఇంగ్లిష్, వాళ్ల అనుభవం వాళ్లకు అదే చెప్పింది, తప్పుపట్టలేం. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టే వోచర్లు ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలతో తేడా లేదు, హిందీ మాత్రం బాగా వచ్చింది. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం ఇచ్చి, తక్కువ ఖర్చుతో అదే ఫలితం రాబట్టాయి. అది వాటి ఘనతే. తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియానికి మారిన పిల్లలు మిగతా సబ్జెక్టుల్లో వెనకబడ్డ సూచనలు కూడా అందులో ఉన్నాయి. ఇంగ్లిష్ నేర్పడం ఒకటి, రాని ఇంగ్లిష్‌లో లెక్కలు చెప్పడం ఇంకొకటి. ఈ తేడా ఇంగ్లిష్ మీడియం జీవోల్లో కనిపించదు, వాటిమీద జరిగిన కోర్టు వాదనల్లోనూ పెద్దగా వినిపించలేదు.

జాబితాలో కొత్తది చేర్చమనే ప్రతివాడూ ఏది తీసెయ్యాలో కూడా చెప్పాలని ఒక నియమం పెడితే సగం సలహాలు అక్కడే ఆగిపోతాయి. బడికి రోజుకు ఉన్న గంటలు ఇన్నే. నా వరకు నేను మూడు, నాలుగు, ఐదు తరగతుల సిలబస్‌లో మూడో వంతు తీసేసి, ఆ సమయాన్ని చదివే సాధనకు, కొలతలకు, నోటి లెక్కలకు, పిల్లలు నిలబడి తమ మాటల్లో చెప్పడానికి, అర్థం కానప్పుడు అడగడానికి ఇస్తాను. ఆ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో నోరు పెగలని పట్టభద్రుల కోసం పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు నడిపేవాళ్లు మాత్రం దాని విలువ గంటల చొప్పున కడుతున్నారు. పదిహేనేళ్లు ‘నోరు మూసుకుని కూర్చో’ అని నేర్పి, పదహారో ఏట మాట్లాడమని ఫీజు తీసుకోవడం కూడా ఒక రకం ఉపాధి కల్పనే అనుకోండి.

నిరుద్యోగ యువతే ప్రాథమిక బడికి పనికొచ్చిన ఉదాహరణ కూడా ఒకటుంది. కోవిడ్ మూసివేతల తర్వాత 2021లో తమిళనాడు ‘ఇల్లం తేడి కల్వి’ పేరుతో ఊరి వలంటీర్ల చేత సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్పించింది. వలంటీర్లు రెండు లక్షల దాకా చేరారు. నెలకు వెయ్యి రూపాయల భత్యం. బడులు తెరిచిన ఆరు నెలల్లో పిల్లలు కోల్పోయిన చదువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని, అందులో నాలుగో వంతు దాకా ఈ సాయంత్రపు తరగతుల వల్లేనని పరిశోధకులు తేల్చారు. ఇంత చవకగా ఇంత లాభం తెచ్చిన పథకాలు అరుదు. అయితే నెలకు వెయ్యి రూపాయలు ఉద్యోగం కాదు. దాన్ని ఉద్యోగమని నిరుద్యోగ లెక్కలోంచి కొట్టేయడం మొదలుపెడితే, కొద్దిపాటి భత్యానికి బడుల్లో పెట్టుకున్న విద్యా వలంటీర్లతో మనం ఇదివరకు చేసిన పనే మళ్లీ చేసినట్టవుతుంది.

తెలంగాణలో 2022 ఆగస్టులో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం, చదవడం, లెక్కల పునాది మీద దృష్టి పెట్టడంలో, ఈ దిశలోనే వేసిన అడుగు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం అదే ఏడాది జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లకు తరలించారు, 2025లో ఆ జీవో ఉపసంహరించుకున్నారు. మూడో తరగతి పిల్లలు ఏ భవనంలో కూర్చోవాలన్న దానిమీద జరిగిన చర్చలో పదో వంతు, అక్కడ కూర్చుని ఏం చదవగలుగుతున్నారన్న దానిమీద జరిగి ఉంటే బాగుండేది.

2024-25 నాటికి దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయి, ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే పన్నెండు వేలకు పైగా. అక్కడ ఒకే టీచరు, ఐదు తరగతులు, ఇరవై ముప్ఫై మంది పిల్లలు. తరగతికో టైంటేబుల్ గోడ మీద ఉంటుంది, దాని ప్రకారం నడపాలంటే ఆ టీచరుకు ఐదు నోళ్లుండాలి. ఆచరణలో ఆయనో ఆమో చేసేది ఏమిటంటే, వచ్చినవాళ్లను ఒక మూలా, రానివాళ్లను తన దగ్గరా కూర్చోబెట్టుకోవడం. కాస్త ముందున్న నాలుగో తరగతి పిల్ల చేత రెండో తరగతి వాడికి చెప్పించడం. స్థాయిని బట్టి గుంపులు అని పరిశోధకులు రుజువు చేసిన పద్ధతి అవసరం కొద్దీ అక్కడ ఎప్పటి నుంచో సగం నడుస్తూనే ఉంది. మిగతా సగం నడవాలంటే మండల విద్యాధికారి తనిఖీకి వచ్చినప్పుడు పాఠ్యప్రణాళిక రిజిస్టరు పక్కన పెట్టి, వరసలో కూర్చున్న ఏ నలుగురి చేతికో ఒక కథ పుస్తకం ఇచ్చి, ఒక స్కేలు ఇచ్చి, కాసేపు అక్కడ కూర్చోవాలి. దానికి బడ్జెట్ కేటాయింపు అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.